పఠనంలో వెనుకబడే పిల్లలు
(ప్రాథమిక ఉపాధ్యాయ శిక్షణార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సమావేశంలో మాట్లాడవలసిందని కోరినప్పుడు నిర్వాహకులు నాకు సూచించిన విషయం 'ప్రాథమిక దశలో అక్షరాస్యత'. అది చాలా విశాలమైనది. అందులో ఒక్క ప్రశ్నకే పరిమితం కాదలచుకున్నాను. క్రమం తప్పకుండా బడికి వచ్చే పిల్లలలో, ఆటలోనూ మాటలోనూ చురుకుగా ఉండే పిల్లలలో, కొందరికి చదవడం ఎందుకు పట్టుబడదు?

నేను ఉద్యోగంలో చేరిన తొలి సంవత్సరాలలో నాలుగో తరగతిలో ఒక పిల్లవాడు ఉండేవాడు. వాచకం తెరిచి, పంక్తి వెంట వేలు కదుపుతూ, పాఠమంతా ఒక్క తప్పు లేకుండా చదివేవాడు. ఒకనాడు గాలికి పుట తిరిగిపోయింది. వేలు కొత్త పుట మీద ఉన్నది, నోరు మాత్రం పాత పాఠాన్నే వల్లిస్తున్నది. తరగతి అంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆపైన అతణ్ణి బెంచీ ఎక్కించి నిలబెట్టాను కూడా. సంతలో తండ్రి పక్కన కూర్చుని కూరగాయల లెక్కలు నోటితో తేల్చగల పిల్లవాడు అతడు. తోటివారు చదువుతుండగా విని మొత్తం పాఠాన్ని కంఠస్థం చేయగలిగినవాడు. అటువంటి వానికి తెలివి లేదని నేను ఎట్లా నిర్ణయించానో ఇప్పుడు ఆలోచిస్తే నాకే బోధపడదు. అతడు ఐదో తరగతితో బడి మానివేశాడు. అతనికి అడ్డుపడినది ఏమిటో తెలుసుకొనే ప్రయత్నం నేను చేయలేదు. ఆనాడు వేయవలసి ఉండి వేయని ప్రశ్ననే ఈనాడు మీ ముందుంచుతున్నాను.

మొదట ఒక మాట స్పష్టం చేసుకోవాలి. మాట్లాడడం వేరు, చదవడం వేరు. మాటలు వినపడే ఇంట పెరిగిన శిశువుకు ఎవరూ పాఠం చెప్పకుండానే మాటలు వస్తాయి. చదువు అట్లా రాదు. మానవజాతి రాయడం మొదలుపెట్టి సుమారు 5,000 సంవత్సరాలే అయినది. మెదడులో చదవడం కోసమే పుట్టుకతో ఏర్పడిన భాగమేదీ లేదు. చూపు కోసం, మాట కోసం ఏర్పడిన భాగాలను కలిపి, వాటి మధ్య కొత్త దారులు వేసుకొని, ప్రతి పిల్లవాడూ చదువరి అవుతాడు. 2017లో ప్రచురితమైన ఒక పరిశోధన ఈ సందర్భంలో ప్రస్తావించదగినది. లక్నో సమీపంలోని గ్రామాలలో అక్షర జ్ఞానం లేని స్త్రీలకు ఆరు నెలలపాటు హిందీ చదవడం నేర్పి, అంతకు ముందూ ఆ తరువాతా వారి మెదళ్ళను స్కానింగు ద్వారా పరిశీలించారు. చూపుకు సంబంధించిన లోపలి కేంద్రాలకూ మెదడు వెలుపలి పొరకూ మధ్య సంబంధం అంత స్వల్పకాలంలోనే బలపడినట్లు తేలింది. ముప్పై ఏళ్ళు దాటిన వయస్సులో కూడా అక్షరం మెదడును మార్చగలిగినది. ఈ ఫలితంలో మరొక హెచ్చరిక కూడా ఉన్నది. సరిగా చదవలేనివారి మెదడులో కనిపించే కొన్ని తేడాలు వారు చదవలేకపోవడానికి కారణం కాకపోవచ్చు. తగినంతగా చదవకపోవడం వల్ల కలిగిన ఫలితమే కావచ్చు.

చదవడంలో రెండు పనులున్నాయి. గీతలను ధ్వనులుగా మార్చుకోవడం ఒకటి, ఆ ధ్వనుల నుండి అర్థం గ్రహించడం రెండవది. ఫిలిప్ గఫ్, విలియం టన్మర్ అనే ఇద్దరు పండితులు 1986లో ఈ రెండింటి సంబంధం కూడిక వంటిది కాదు, గుణకారం వంటిది అన్నారు. ఏ ఒక్కటి సున్న అయినా ఫలితం సున్నయే. కనుక చదవలేని పిల్లవాడు మన ముందు నిలిచినప్పుడు మొదట అడగవలసినది, ఇతనికి అడ్డు మొదటి చోటనా, రెండవ చోటనా అని.

మొదటి దానిని చూద్దాం. మన లిపి పలికినట్లు రాసేది, రాసినట్లు చదివేది అని మనం గర్వంగా చెప్పుకుంటాము. అది చాలవరకు నిజమే. ఇంగ్లీషులోవలె ఒకే అక్షరం మాటమాటకూ ఉచ్చారణ మార్చుకోదు. కాని ఆ సౌలభ్యానికి మనం మరొక చోట మూల్యం చెల్లిస్తున్నాము. ఇంగ్లీషు బాలుడు నేర్వవలసిన అక్షరాలు 26. మన బాలుడికి వర్ణమాల 56. అది ప్రారంభం మాత్రమే. 36 హల్లులకు పన్నెండేసి గుణింత రూపాలు అనుకున్నా 432 అవుతున్నవి. వాటిపైన ఒత్తులు. క్రమం తెలిస్తే గుణింతమంతా వచ్చినట్లే గదా అని మీరనవచ్చు. మనకు వచ్చు గనుక మనకు క్రమం కనిపిస్తుంది. 'మొ', 'యో' వంటివి ఆ క్రమానికి లొంగవు. త, న, మ, య, ర, ల ఒత్తులకు తల్లి అక్షరంతో పోలిక ఉండదు. 'ప'కు, 'ష'కు, 'ఫ'కు, అట్లాగే 'ద'కు, 'ధ'కు, 'థ'కు ఉన్న భేదం ఒక చిన్న గీత లేదా చుక్క. 'వ'కు 'మ'కు మధ్య ఒక కొమ్ము.

మరొక చిక్కును చాలామంది ఉపాధ్యాయులు గమనించరు. 'పత్రిక' అన్న మాటలో 'త్రి' ఉన్నది. గుడి 'త' నెత్తి మీద ఉన్నది. కాని దాని ధ్వని 'త' తరువాత రాదు, కింద ఉన్న 'ర' తరువాత వస్తుంది. పిల్లవాడు 'త' చూసి, గుడి చూసి, 'తి' అని ఆగితే అతడు తెలివితక్కువవాడు కాదు. కళ్ళకు కనిపించిన వరుసను నమ్మినవాడు. హిందీలో దీనికి అన్నదమ్ముల వంటి చిక్కు ఉన్నది. హ్రస్వ ఇకారపు గుర్తును హల్లుకు ముందు రాస్తారు, తరువాత పలుకుతారు. ఆ గుర్తు ఉన్న మాటలను చదవడంలో ఆలస్యం కలుగుతున్నదని జ్యోత్స్నా వైద్, అషుమ్ గుప్తా 2002లో ప్రకటించారు. మన లిపికి తోబుట్టువైన కన్నడ లిపి విషయంలో సోనాలీ నాగ్ బెంగళూరు పిల్లలను పరిశీలించి 2007లో ప్రకటించిన ఫలితాలు మనకు ఇంకా దగ్గరివి. ఇంగ్లీషు వంటి భాషలలో అక్షరాల గుర్తింపు బడిలో చేరిన ఒకటి రెండేళ్ళలో ముగుస్తుండగా, కన్నడ అక్షరాలను నేర్చే పని నాలుగో తరగతి వరకు కూడా సాగుతూనే ఉన్నది.

దీని ఫలితార్థం ఏమిటి? ఒకటో తరగతి చివరికి అక్షరాలు 'అయిపోయినవి' అని మనం లెక్క వేసుకొని రెండో తరగతిలో పాఠాలకు ఉరకడం పొరపాటు. మూడో తరగతిలో 'స్త్ర' దగ్గర తడబడే పిల్లవాడు వెనుకబడినవాడు కాడు. అతడు ఇంకా దారిలో ఉన్నాడు. దారిలో ఉన్నవానికి మనం బోధన ఆపివేశాము.

ఇక రెండవ చోటు, అర్థం. ఇది మన దేశంలో చాలా పెద్ద ప్రశ్న. 2011 జనాభా లెక్కలలో పదివేల మందికి మించి మాట్లాడే భాషలు 121 నమోదైనవి. బడులలో మాధ్యమంగా ఉన్నవి అందులో కొద్ది మాత్రమే. సుమారు 30 లక్షల మంది మాతృభాషగా పేర్కొన్న గోండీ సంగతి చూడండి. ఆదిలాబాదు గోండు బాలుడికి వాచకం తెలుగులో ఉన్నది. పెన్‌గంగ దాటితే అతని మేనత్త కొడుక్కు మరాఠీలో ఉన్నది. బస్తరులో ఉన్న మరో బాలుడికి హిందీలో ఉన్నది. ముగ్గురి ఇంటి భాషా ఒక్కటే, మూడు చోట్లా అది బడి గుమ్మం వెలుపల ఆగిపోతున్నది. ఆ బాలుడు 'నీరు' అన్న మాటను గుణింతం పలికి తప్పు లేకుండా చదివినా అతని మనస్సులో తడి పుట్టదు. అతని ఇంట్లో నీటిని 'ఏర్' అంటారు. తెలుగులో 'ఏరు' ప్రవాహం. ఆ రెండు మాటలూ చుట్టాలేనని అతనికి చెప్పేవారుంటే ఆ పాఠం ఎంత హాయిగా సాగి ఉండేది!

ఈ సంగతిని మన తెలుగు దేశంలో శతాబ్దం క్రితమే గుర్తించిన మహనీయుడు గిడుగు వెంకట రామమూర్తి పంతులు. 1863లో జన్మించిన ఆయన పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా ఉంటూ సవర భాష నేర్చుకున్నారు. అది తెలుగుకు చుట్టం కూడా కాదు, ముండా శాఖకు చెందినది. సవర పిల్లలకు సవరలోనే వాచకాలు రాశారు, సొంత ఖర్చుతో బడులు నడిపారు. మద్రాసు ప్రభుత్వం పారితోషికం ఇవ్వజూపితే తనకు ధనం వద్దని, సవరలకు బడులు పెట్టించమని కోరారు. వారి సవర వ్యాకరణం 1931లో, సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లో వెలువడినవి. ఆయనను మనం వ్యావహారిక భాషోద్యమ నాయకుడుగా ప్రతి ఆగస్టు 29న స్మరించుకుంటాము. సవర కృషిని ఒక ఉపకథగా చెప్పి వదలివేస్తాము. నాకు మాత్రం ఆ రెండూ ఒకే పనిగా కనిపిస్తాయి. 'వస్తున్నాడు' అనే ఇంటి పిల్లవాడు 'వచ్చుచున్నాడు' అని చదవవలసి రావడం, సవర పిల్లవాడు తెలుగు చదవవలసి రావడం, హెచ్చుతగ్గులు ఉన్నా, ఒకే జాతి కష్టాలు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో గోండీ, కోయ, కొలామీ, కువి, సవర, కొండ, బంజారా, ఆదివాసీ ఒడియా అనే ఎనిమిది భాషలలో ప్రాథమిక పాఠాలు మొదలుపెట్టారు. పుస్తకాలు తెలుగు లిపిలోనే ముద్రించారు. పిల్లవాడు తనకు తెలిసిన మాటలతో లిపిని పట్టుకుంటాడు, ఆపైన అదే లిపితో తెలుగులోకి నడుస్తాడు. రెండు బరువులను ఒకేసారి ఎత్తవలసిన అవసరం ఉండదు. దీనిని వేర్పాటు అని శంకించేవారు ఆ కాలంలోనూ ఉన్నారు, ఈనాటికీ ఉన్నారు. వారికి నా సమాధానం ఒక్కటే. తెలుగు బాగా రావాలంటేనే మొదట గోండీలో చదవనివ్వాలి. మన రాజ్యాంగంలో 1956లో చేర్చిన 350ఎ అధికరణం భాషాపరంగా అల్పసంఖ్యాకులైన పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన సౌకర్యం కల్పించాలని రాష్ట్రాలకు నిర్దేశిస్తున్నది. 2020 జాతీయ విద్యావిధానం వీలైనంతవరకు ఐదో తరగతి దాకా ఇంటి భాషలో బోధించాలన్నది. శాసనాలకు కొదవ లేదు. ఆ భాష తెలిసిన ఉపాధ్యాయులకే కొదవ.

వలసల వల్ల ఈ ప్రశ్న అడవులను దాటి పట్టణాల అంచులకు వచ్చినది. ఒడిశాలోని బలంగీర్, నువాపడా ప్రాంతాల నుండి తెలంగాణ ఇటుక బట్టీలకు కుటుంబాలు ప్రతి ఏటా వస్తున్నవి. వారి పిల్లలు సగం సంవత్సరం ఒడియా అక్షరాలు, సగం సంవత్సరం తెలుగు అక్షరాలు చూసి, రెండూ చాలించుకుంటున్నారు. ఇటువంటి పరిస్థితికి పరిష్కారం లేకపోలేదు. ముంబై మహానగర పాలక సంస్థ తెలుగు సహా పలు భాషలలో బడులు నడుపుతూ వచ్చినది. మన కూలీల పిల్లలకు అక్కడ దక్కిన మర్యాద ఇక్కడికి వచ్చిన కూలీల పిల్లలకు దక్కకపోవడం న్యాయం కాదు.

ఇంటి భాష తెలుగే అయిన పిల్లలు మాత్రం అందరూ చదువుతున్నారా? గ్రామీణ ప్రాంతాలలో పిల్లల పఠనశక్తిని 2005 నుండి పరిశీలిస్తున్న 'అసర్' నివేదికల ప్రకారం, దేశం మొత్తం మీద ఐదో తరగతి పిల్లలలో రెండో తరగతి పాఠం చదవగలిగినవారు 2022లో నూటికి 42.8 మంది, 2024లో 48.8 మంది. అంటే సగానికి సగం మంది చదవలేకపోయారు. సగం మంది పిల్లల మెదళ్ళలో లోపం ఉండదు గదా! ఇది చాలావరకు బోధనలోని లోపం. మూకుమ్మడిగా వల్లె వేయించడం, నల్లబల్ల మీది ప్రశ్నోత్తరాలను చూచివ్రాత రాయించడం, ఒక్కొక్కరి చేత విడిగా చదివించకపోవడం మన బడుల అలవాట్లు. మూకుమ్మడి పఠనంలో చదవలేనివాడు దాగిపోతాడు. నా నాలుగో తరగతి పిల్లవాడు అట్లాగే మూడేళ్ళు దాగి ఉన్నాడు.

చూపు మందగించడం, చెవిలో చీము పట్టి వినికిడి తగ్గడం, రక్తహీనత, పత్తి తీతల కాలంలో బడి ఎగవేత, ఇవి కూడా ఉన్నవి. వీటిని గురించి ఎక్కువ చెప్పను. నల్లబల్ల కనిపించక ముందు వరుసకు జరిగే పిల్లవాణ్ణి కళ్ళ డాక్టరు వద్దకు పంపాలని మీకు వేరే చెప్పనవసరం లేదు.

ఇవన్నీ తీసివేసిన తరువాత కూడా కొందరు మిగులుతారు. తెలిసిన భాషే, మంచి ఉపాధ్యాయుడే, కళ్ళూ చెవులూ సరిగానే ఉన్నవి. అయినా అక్షరం నిలవదు. 1896లో ఇంగ్లండులో ప్రింగిల్ మోర్గన్ అనే వైద్యుడు పద్నాలుగేళ్ళ బాలుణ్ణి గురించి ఒక వైద్య పత్రికలో రాశాడు. ఆ బాలుడు లెక్కలలో దిట్ట, మాటలో చురుకు, కాని ఏళ్ళ తరబడి నేర్పినా చిన్న మాటలను కూడా చదవలేడు. చదువంతా నోటితోనే సాగితే బడి మొత్తంలో అతనిదే పైచేయి అవుతుందని అతని ఉపాధ్యాయుడు అభిప్రాయపడ్డాడట. ఆ ఉపాధ్యాయుణ్ణి తలచుకున్నప్పుడల్లా నాకు కొంచెం సిగ్గు కలుగుతుంది. ఈ స్థితినే డిస్లెక్సియా అంటున్నారు. దీనికి తెలివితేటలతో సంబంధం లేదు. కుటుంబాలలో తరతరాలుగా కనిపిస్తుంది. చాలామందిలో దీని మూలం కంటిలో లేదు. మాటలోని ధ్వనులను విడదీసి పట్టుకొనే శక్తిలో ఉన్నది. 'పలక'లో మొదటి ధ్వని తీసివేస్తే ఏమి మిగులుతుందని అడిగితే 'లక' అని తోటివారు ఠక్కున చెబుతారు, ఇతడు చెప్పలేడు.

పలికినట్లు రాసే లిపులలో ఇది మరొక వేషంలో కనిపిస్తుంది. ఇంగ్లీషు చదివే డిస్లెక్సియా బాలుడు తప్పులు చదువుతాడు. మన లిపి చదివేవాడు కూడబలుక్కుంటూ చివరకు తప్పు లేకుండానే చదవవచ్చు, కాని వేగం రాదు. ఐదో తరగతికి వచ్చినా ఒక్కొక్క అక్షరాన్నీ తవ్వి తీస్తున్నట్లు ఉంటుంది. వాక్యం చివరికి చేరేసరికి మొదలు మరచిపోతాడు. తప్పులు లేవు గనుక మనం అతణ్ణి 'నిదానస్తుడు' అని వదలివేస్తాము.

1995 నాటి వికలాంగుల చట్టంలో ఈ పిల్లల ఊసు లేదు. 2016 చట్టం 21 వైకల్యాల జాబితాలో 'నిర్దిష్ట అభ్యసన వైకల్యం' పేరిట వీరిని చేర్చినది. మానేసర్‌లోని జాతీయ మస్తిష్క పరిశోధన కేంద్రం హిందీ, మరాఠీ, కన్నడ, ఇంగ్లీషు భాషలలో గుర్తింపు పరీక్షలు రూపొందించి 2015లో విడుదల చేసినది. ఇంగ్లీషులో తయారైన పరీక్షను మన పిల్లల మీద ప్రయోగిస్తే అది వైకల్యాన్ని కాక ఇంగ్లీషు రాకపోవడాన్ని కొలుస్తుంది. ఏ భాష పిల్లలకు ఆ భాషలోనే పరీక్ష కావాలి.

ఇక్కడే నేను ముఖ్యంగా చెప్పదలచినది ఉన్నది. నగరంలోని ఒక ఖరీదైన బడిలో ముప్పై మంది పిల్లలలో ఇరవై తొమ్మిది మంది చదివి, ఒకడు చదవలేకపోతే ఆ ఒకడు కనిపిస్తాడు. నిపుణుని వద్దకు తీసుకుపోతారు. సగం తరగతి చదవలేని గ్రామంలో డిస్లెక్సియా ఉన్న బాలుడు ఎవరికీ కనిపించడు. పదిహేను మందిలో ఒకడై పోతాడు. బోధన లోపం వల్ల చదవలేనివాడికీ, పరాయి భాష వల్ల చదవలేనివాడికీ, మెదడు తీరు వల్ల చదవలేనివాడికీ మనం ఇచ్చే బిరుదు ఒక్కటే: మొద్దు. ముగ్గురికీ కావలసిన సహాయం మాత్రం వేరు వేరు. కాబట్టి మంచి బోధన డిస్లెక్సియాకు ప్రత్యామ్నాయం కాదు గాని, దానిని గుర్తించడానికి మొదటి మెట్టు. అందరికీ సరిగా నేర్పితే తప్ప ఎవరికి ప్రత్యేక సహాయం కావాలో బయటపడదు.

సరిగా నేర్పితే ఎంత త్వరగా మార్పు వస్తుందో చెప్పడానికి ఉత్తరప్రదేశ్‌లోని జౌన్‌పూర్ జిల్లా ఒక నిదర్శనం. అక్కడ 'ప్రథమ్' సంస్థ శిక్షణ ఇచ్చిన గ్రామ యువకులు బడి వేళల తరువాత పఠన శిబిరాలు నడిపారు. అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డఫ్లో ప్రభృతులు పరిశీలించి 2010లో ఫలితాలు ప్రకటించారు. ఒక్క అక్షరమైనా రాని పిల్లలు శిబిరానికి వచ్చి కనీసం అక్షరాలు చదివే స్థితికి చేరుకున్నారు. కాని శిబిరాలకు వచ్చిన పిల్లలు బహు కొద్దిమంది. ఈ రెండవ సంగతిని చెప్పకుండా మొదటి సంగతిని మాత్రమే చెప్పడం నాకు ఇష్టం లేదు. పని ఫలించినది, కాని అది చేరవలసినవారిలో అధికులకు చేరలేదు. బడి వేళల్లోనే, బడి ఉపాధ్యాయుడే ఆ పని చేయాలన్నది నా అభిప్రాయం.

సభ ప్రారంభానికి ముందు మీలో ఒక సోదరి నాకు చీటీ అందించారు. "మూడో తరగతి అబ్బాయి 'మ'కు బదులు 'వ' రాస్తున్నాడు, అక్షరాలు తారుమారు చేస్తున్నాడు. డిస్లెక్సియాయేనా?" అని అడిగారు. అమ్మా, ఆ ఒక్క గుర్తుతో చెప్పలేము. అక్షరాలు నేర్చే పిల్లలందరూ కొంతకాలం అట్లా రాస్తారు. ముందు ఆ అబ్బాయిని తరగతి నుండి విడిగా, చెట్టు కిందనో వరండాలోనో కూర్చోబెట్టుకోండి. ఇంట్లో ఏ భాష మాట్లాడతారో అడగండి. వాచకంలో లేని నాలుగు వాక్యాలు మీరే రాసి చదివించండి, వాచకం వద్దు, అది అతనికి నోటికి వచ్చి ఉంటుంది. 'సొరకాయ' అని ఉన్న చోట బొమ్మ చూసి 'ఆనపకాయ' అంటే కోపపడకండి, అర్థం తెలిసినది, అక్షరం తెలియలేదని గుర్తు పెట్టుకోండి. తరువాత అవే వాక్యాలను మీరు చదివి వినిపించి, ఏమి అర్థమైనదో చెప్పమనండి. విన్నది అర్థమై, చదివినది అర్థం కాకపోతే చిక్కు అక్షరం దగ్గర ఉన్నది. విన్నదీ అర్థం కాకపోతే చిక్కు భాష దగ్గర ఉన్నది, లేదా చెవి దగ్గర ఉన్నది. ఏ అక్షరాల దగ్గర ఆగాడో ఒక నోటు పుస్తకంలో తేదీ వేసి రాయండి. రోజుకు పావుగంట చొప్పున మూడు నెలలు ఆ అక్షరాలతోనే, అతనికి తెలిసిన మాటలతోనే పని చేయండి. ఆ తరువాత కూడా పుస్తకంలో అవే అక్షరాలు, అంతే ఆలస్యం కనిపిస్తే, ఆ నోటు పుస్తకం తీసుకొని అతని తల్లిదండ్రులతో కలిసి జిల్లా ఆసుపత్రికి వెళ్ళండి. అక్కడి వైద్యునికి మీ మాట కంటే ఆ పుస్తకమే ఎక్కువ ఉపయోగపడుతుంది.